ముంతలో వెండేరు

ఇసుక తోడేళ్లు మూడూ కుయ్యిమంటూ దిబ్బల వెనక్కి పారిపోయాక, మెట్లకాపరి మాచన చేతిలోని ఉప్పుమూట దించి ముందు తన ఒళ్లు తడుముకున్నాడు. కాళ్లూ చేతులూ ఉండవలసిన చోటే ఉన్నాయి. అప్పుడు యువరాజు కోసం వెతికాడు. మణికేతు మహారాజుకు లేకలేక కలిగిన కుమారుడూ, కుంభావతి రాజ్యానికి ఏకైక వారసుడూ అయిన రత్నాంగదుడు ఒంటె కడుపు కింద దూరి, కళ్లు గట్టిగా మూసుకుని కత్తిని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"పోయాయి దొరా. ఇక కత్తి దించండి. ఒంటెకు తగిలిందంటే మనం నడిచిపోవాలి," అన్నాడు మాచన.

రత్నాంగదుడు ఒక కన్ను తెరిచాడు. "ఎన్నింటిని చంపాను?"

"ఒక్కదాన్నీ లేదు. మూటలో ఉప్పు చెమ్మగిల్లి ఉంది. అది విసిరేసరికి తడి తగిలి, ఒళ్లు ముద్దకట్టి పారిపోయాయి."

"నాన్నగారితో మాత్రం రెండింటిని చంపానని చెబుదాం."

"మూడని చెబుదాం. ముందు ఇంటికి చేరాలిగా!"

వాళ్లు ఇల్లు విడిచి పన్నెండు రోజులైంది. దారిలో ముళ్ల అడవిలో మాట్లాడే చెట్లతో తగవుపడ్డారు. ఒంటికన్ను రాక్షసి వడ్డించిన పులిహోర తినకుండా తప్పించుకున్నారు. నిజం చెప్పాలంటే రత్నాంగదుడు రెండు ముద్దలు తిననే తిన్నాడు, అందుకే ఇప్పటికీ ఆయన ఎడమ చెవి ఆకుపచ్చగా ఉంది. ఈ తిప్పలన్నీ వెండేరు కోసం.

వెండేరంటే పదిట్లో ఒక ఏరు అనుకునేరు! కుంభావతి రాజ్యమంటేనే వెండేరు. మంచుకొండల కడుపులో పుట్టి, నూటెనిమిది ఊళ్లను ఒరుసుకుంటూ పారే ఆ మహానది ఏటేటా ఆషాఢంలో ఎర్రగా పొంగి, తొమ్మిది రోజులు పొలాలన్నింటినీ కప్పేసి, పదోనాటికి బెత్తెడు మందాన నల్లటి ఒండ్రు పరిచి వెనక్కి తగ్గేది. ఆ దేశంలో నాగలి లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. జనం పాటలు పాడుకుంటూ బురదలో విత్తనాలు చల్లి, వాటిమీదికి మేకలమందలను తోలి తొక్కించి ఇంటికి పోయేవాళ్లు. ఏటి మట్టితో ఇటుకలు కాల్చి ఏడంతస్తుల మేడలు కట్టారు. ఏటి తుంగతో చాపలు, బుట్టలు, పడవలు అల్లారు. ఏటి గవ్వలతో నవవధువులను అలంకరించారు. పోట్లాట వచ్చినవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి పోట్లాడుకోవాలని అక్కడి చట్టం. కాసేపటికి కాళ్లు చల్లబడి, ఆ తరువాత నోళ్లు చల్లబడి, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒడ్డెక్కేవాళ్లు.

రాజధాని రేవులో పదహారు పాలరాతి మెట్లున్నాయి. ఏడు తరాలుగా మాచన వంశంవాళ్లే ఆ మెట్లకు కాపరులు. వరదనీరు ఏడో మెట్టు తాకగానే కాపరి డప్పు కొడతాడు. అప్పుడు కాలువ చివరనున్న ఊరు ముందుగా తన తూము తెరుస్తుంది. దాని పొలం తడిశాక దాని పై ఊరు, ఆ తరువాత దాని పై ఊరు. అన్నింటికంటే ఆఖరున రాజుగారి తోట. తోక ఊరికి తొలి నీరు అన్నది ఆ దేశంలో ముసలివాళ్లకీ పసివాళ్లకీ తెలిసిన మాట. రెండువేల ఏళ్లుగా ఈ ఒక్క పద్ధతి తప్పలేదు గనకనే అక్కడ నీళ్ల కోసం ఎవరూ ఎవరి తలా పగలగొట్టలేదు.

అంతటి వెండేరు నెల కిందట ఒక ఉదయం లేదు. పడవలు బురదలో కూలబడి ఉన్నాయి. చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. నది పొడుగునా తవ్వి చూసినా చెంబెడు నీళ్లు రాలేదు. సైకతదుర్గంలో ఉండే శుష్కనాథుడనే మాంత్రికుడు ఏటినంతా మంత్రంతో పీల్చి ఒక రాగిముంతలో బంధించాడని ఆస్థాన జ్యోతిష్కులు గవ్వలు వేసి తేల్చారు.

ఈ ఏడు పున్నమిలోగా వరద రాకపోతే విత్తడానికి అదను దాటిపోతుంది. అప్పుడు ఆకలికి తాళలేక విత్తనాలే వండుకోవాలి. విత్తనాలు వండుకుంటే పై ఏటికి చల్లడానికి గింజ ఉండదు. మాచన తల్లి బాచమ్మ ఊరి విత్తనాల గాదె మీద రోకలి పట్టుకుని కూర్చుంది. "పున్నమి దాకా దీని మూత ముట్టుకున్నవాడి చెయ్యి విరగ్గొడతాను నాయనా. ఆ తరువాత మటుకు పిల్లల ఏడుపు వింటూ కూర్చోలేను. నేనే తెరిచేస్తాను. ఇక నీదే భారం," అని కొడుకును సాగనంపింది. యువరాజు మాత్రం ఎవరూ పొమ్మనకుండానే వచ్చాడు. "రాజవంశంవాడు లేకుండా సాహసయాత్ర ఏం బాగుంటుంది?" అన్నది ఆయన వాదన.

ఈ రోజు ద్వాదశి. పున్నమికి ఇంకా మూడే రోజులు.

ఎదురుగా మిట్టమధ్యాహ్నపు ఎండలో సైకతదుర్గం ధగధగలాడుతూ నిలబడి ఉంది. ఇసుకను మంత్రంతో గడ్డకట్టించి లేపిన గోడలు, ఇసుక బురుజులు, ఇసుక గుమ్మటాలు, వాటిమీద రెక్కలు విప్పిన ఇసుక నెమళ్లు. గాలి కొట్టినప్పుడల్లా ఆ నెమళ్ల పురులనుంచి పసుపు రంగు పొడి రాలి మళ్లీ తనంతట తానే పైకెక్కి సర్దుకునేది. చూడటానికి ఎంతో సొగసు. పచ్చని పరక మాత్రం ఎక్కడా లేదు. కోట ఉన్న గుట్ట కింద లోయలో, ఎన్నో తరాల కిందట వెండేరు విడిచిపెట్టిన పాత దారి ఎముకల గూడులా తేలి ఉంది. అది చూసి మాచనకు గుండె కలుక్కుమంది.

"దొరా, గుర్తుందిగా? నేను ఉప్పు షావుకారు మాచిసెట్టిని. మీరు నా పనివాడు రత్తడు. లోపల నోరెత్తకూడదు."

"గుర్తుంది. ఆ మూట పట్టుకో."

"మూట పట్టుకోవలసింది మీరు."

రత్నాంగదుడు నిట్టూర్చి మూట నెత్తికెత్తుకున్నాడు.

కోటవాకిట్లో ఈటెలు పట్టిన సైకత భూతాలు వరుసగా నిలబడి ఉన్నాయి. నిలువెత్తు ఇసుకబొమ్మలు, కళ్ల చోట నిప్పుకణికలు. వాటి మధ్యన ఒక బక్కపలచటి ముసలమ్మ పీటమీద కూర్చుని ఉంది. ఆమె ముందు మూతపెట్టిన కుండ, చేతిలో పొడుగాటి గరిటె. కోటలో జనానికి రోజుకు తలా ఒక గుక్కెడు చొప్పున నీళ్లు పోసేది ఆమే. అసలు పేరు ఆమెకే గుర్తులేదు. అందరూ గుక్కవ్వ అంటారు.

"ఏ ఊరు బాబూ?" అంది గుక్కవ్వ.

"దక్షిణాన ఉప్పుదిబ్బలు అవ్వా. పేరు మాచిసెట్టి. వీడు మా రత్తడు. పని తక్కువ, తిండెక్కువ," అన్నాడు మాచన. వెనకనుంచి పళ్లు నూరిన చప్పుడు వినిపించింది.

"ఎండనపడి వచ్చారు. కోటలోకి కొత్తగా వచ్చినవాళ్లకి ఓ గుక్క పొయ్యమని స్వామివారి ఆజ్ఞ. పట్టండి."

ముందు రత్తడికి ఒక చిప్పలో పోసింది. యువరాజు గటగటా తాగేసి, చిప్పను కళ్లకు దగ్గరగా పెట్టుకుని అడుగున ఇంకేమన్నా ఉందా అని చూశాడు. గుక్కవ్వ మెచ్చుకోలుగా తలూపింది. తరువాత మాచన వంతు. పన్నెండు రోజుల దాహం. చిప్పలో నీళ్లు చల్లగా, తేటగా కదిలాయి. అతని చెయ్యి తనంతట తానే లేచింది. తొలి దోసిలిగా కాసిని నీళ్లు నేలమీద వదిలి, "నీది నీకే తల్లీ," అని గొణిగాడు.

కుంభావతిలో పిల్లలు మాటలు రాకముందే నేర్చుకునే పని అది. ఏటి నీళ్లు తాగబోయేముందు తొలి దోసిలి ఏటికే ఇచ్చేయాలి. రాజు దగ్గర్నుంచి గొడ్లకాపరి దాకా తెల్లవారి లేస్తే పదిసార్లు చేసే పని. ఒక్క రత్నాంగదుడికే ఆ అలవాటు లేదు. ఆయన తరఫున ఆ దోసిలి వదలడానికే అంతఃపురంలో ఒక ఉద్యోగి ఉండేవాడు.

నీళ్లు పడిన చోట ఇసుక సుయ్యిమంది. గుక్కవ్వ పీటమీంచి లేచింది. "నాయనోయ్! పారబోశాడు! నీళ్లు పారబోశాడర్రా!" అని ఆమె వేసిన కేకకు కోటలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. మరుక్షణం పది సైకత భూతాలు మాచనను, రత్తడిని, ఒంటెను కూడా ఎత్తుకుని లోపలికి పరుగు తీశాయి.

"నన్నేమో నోరెత్తొద్దన్నావు. నీ చెయ్యెందుకెత్తావు?" అన్నాడు రత్నాంగదుడు తలకిందులుగా వేలాడుతూ.

మాచనకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తోడేళ్లను దాటాడు, రాక్షసిని దాటాడు, చివరికి చిప్పెడు నీళ్ల దగ్గర దొరికిపోయాడు.

సభామండపంలో ఎత్తయిన ఇసుక సింహాసనం మీద శుష్కనాథుడు కూర్చుని ఉన్నాడు. మనిషి ఎండు మునక్కాయ. మోకాళ్ల దాకా గడ్డం, నెత్తిన ఎర్రటి తలపాగా, చెవులకు ఉసిరికాయలంత బంగారు పోగులు. మాచనను చూడగానే అతను సింహాసనం దిగి వచ్చి, ఎవరూ ఊహించని విధంగా గట్టిగా కౌగిలించుకున్నాడు.

"వచ్చావా నా తండ్రీ! నెల రోజులుగా నీకోసమే కళ్లు కాయలు కాచేలా చూస్తున్నాను!"

మాచన తెల్లబోయాడు. "నాకోసమా?"

"నువ్వో, నీలాంటివాడో! ఏరు పోయినవాడు వెతుక్కుంటూ రాకుండా ఉంటాడా? అందుకే ఆ ముసలిదాన్ని వాకిట్లో కూర్చోబెట్టాను. ఈ ఎడారిలో నీటిచుక్క నేలపాలు చేసేవాడు ఒక్క వెండేటివాడే గదా!" శుష్కనాథుడు కిచకిచ నవ్వి, వెంటనే మొహం మాడ్చుకున్నాడు. "రా, చూపిస్తా."

మండపం వెనక గోడ సగం కూలి ఉంది. కూలిన గోడ ముందు రాతిదిమ్మ మీద లక్కతో మూతి బిగించిన రాగిముంత ఒకటి సన్నగా వణుకుతోంది.

"తెచ్చిన రోజున లక్క కాస్త గీరాను. గీరానో లేదో ఆ గోడ పోయింది, నా పాకశాల పోయింది, ఏడుగురు శిష్యులు పోయారు. చావలేదులే, కొట్టుకుపోయి ఎక్కడో దిబ్బమీద తేలారట, తిరిగి రామన్నారు. అప్పట్నుంచి దీన్ని ముట్టుకోవాలంటే భయం. మహానదిని ఇంట్లో పెట్టుకుని గుక్కెడు నీళ్లతో బతుకుతున్నాను! ఏటిని ఎలా పారించాలో, ఎలా మలపాలో మీకు తెలుసు. నా కోటలో ఏరు పారించు. సగం రాజ్యమిస్తాను."

"పారించనంటే?"

శుష్కనాథుడు చిటికె వేశాడు. మూలనున్న తుమ్మమొద్దు ఒక్క క్షణంలో తెల్లటి ఉప్పురాశి అయిపోయింది. రత్నాంగదుడు తన నెత్తిమీది మూటను గట్టిగా పట్టుకున్నాడు.

మాచన ముంత దగ్గరికి వెళ్లి చెవి ఆనించాడు. లోపల కప్పల బెకబెకలు వినిపించాయి. తెడ్డు నీళ్లను కోస్తున్న చప్పుడు, రేవులో ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు, దూరాన మేకల మెడల్లో గంటల చప్పుడు. మాచనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మ ఇప్పుడు గాదె మీదే కూర్చుని ఉంటుంది. మూడు రోజుల్లో లేస్తుంది.

కళ్లు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి అతని మొహంలో రంగు మారింది. ఏం చెయ్యాలో అతనికి తెలిసింది. అబద్ధం ఆడవలసిన పని కూడా లేదు.

"పారిస్తాను. నీ కోటలోనుంచే పారిస్తాను. కోటలో ప్రతి ప్రాణికీ కడుపు నిండుతుంది. అయితే మా పద్ధతిలో జరగాలి. తోక లేకుండా ఏరు వదిలితే తల మునుగుతుంది. నీ గోడ అందుకే పోయింది. ముందు తోక తవ్వాలి. కోట నడిబొడ్డున పెద్ద చెరువు, చెరువునుంచి కిందికి కాలువ, కాలువ పోయి లోయలో పాత దారిని కలవాలి."

శుష్కనాథుడు అనుమానంగా గడ్డం మెలిపెట్టాడు. "కిందికెందుకు?"

"నీళ్లు పైకి పారే దేశమేదన్నా ఉంటే చెప్పు, అక్కడికే తవ్విస్తా."

మాంత్రికుడు సరేనన్నాడు. రెండు చేతులూ ఎత్తి ఏదో మంత్రం చదివాడు. నాలుగు వందల సైకత భూతాలు పారలు పట్టుకుని లేచాయి. ఇక చూడాలి ఆ వేగం! పారలు గాలిలో మెరిశాయి, ఇసుక మేఘంలా లేచింది, జాము తిరక్కుండా కోట నడుమ చెరువూ, దాని నుంచి గుట్ట వాలు మీదుగా ఏనుగు పట్టేంత కాలువా తయారయ్యాయి. మాచన గట్టున పరిగెడుతూ, "ఇక్కడ వంపు తిప్పండి! అక్కడ వాలు పెంచండి! ఓ నిప్పుకళ్లాయనా, గట్టు మీద నిలబడకు, కూలుతుంది!" అని కేకలు వేస్తుంటే భూతాలు కూడా అతని మాట విన్నాయి.

సూర్యుడు ఇంకా పడమటి బురుజు మీదికి రాలేదు. చెరువుగట్టున కోట జనమంతా మూగారు. గుక్కవ్వ అందరికంటే ముందు గరిటె పట్టుకుని నిలబడింది. యువరాజు ఎక్కడినుంచో ఒంటెలు కుడితి తాగే పెద్ద చెక్కతొట్టె ఒకటి ఈడ్చుకొచ్చి, తను మోసుకొచ్చిన మూటను అందులో పడేశాడు.

"ఇదెందుకు దొరా?" అన్నాడు మాచన మెల్లగా.

"మన దేశంలో వరదంటే పడవ సిద్ధంగా ఉండాలి. ఆ మాత్రం నాకూ తెలుసు," అన్నాడు రత్నాంగదుడు గర్వంగా.

మాచన రాగిముంతను చెరువు నడుమ ఉంచి, లక్కను గోటితో ఒక వైపు మాత్రం, గింజంత మేర గీరాడు. సన్నటి ధార లేచింది. ధార తాడంత అయింది, తాడు స్తంభమంత అయింది. ఎర్రటి కొత్తనీరు, ఒండ్రు వాసనతో, చేపపిల్లలతో, తుంగపూలతో బుసబుసమంటూ చెరువంతా పరుచుకుంది. నీళ్లు కాళ్లను తాకగానే కోట జనం మొదట భయపడి వెనక్కి దూకారు. ఆ తరువాత ఒకడు కూర్చున్నాడు. ఇంకొకడు పడుకున్నాడు. కాసేపట్లో కోట మొత్తం చెరువులో ఉంది. పుట్టి బుద్ధెరిగి స్నానమంటే తెలియని గుక్కవ్వ, గరిటె విసిరేసి, నడుంలోతు నీళ్లలో నిలబడి చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. చెరువు నిండింది. నిండిన నీరు కాలువ పట్టింది.

మాచన, యువరాజు తొట్టెలో దూకారు. కాలువ తొట్టెను ఎత్తుకుని కిందికి ఉరికింది.

అప్పటికిగాని శుష్కనాథుడికి విషయం బోధపడలేదు. చెరువులో నీళ్లు నిలబడటం లేదు. నిండుతున్నాయి, పోతున్నాయి. కాలువ పొడుగునా పారి, పాత దారి పట్టి, తన ఇంటికి తాను పోవడానికి ఏరు తొందరపడుతోంది. "మోసం! మోసం!" అని గావుకేక పెట్టి, నదిని మళ్లీ పీల్చేద్దామని ముంత కోసం చెరువులోకి చెయ్యి పెట్టాడు. ముంత లేదు. లక్క ఊడిపోయి, ఏరంతా బయటికొచ్చేసిన ఆ ముంతతో గుక్కవ్వ నీళ్లు ముంచుకుని నెత్తిన పోసుకుంటోంది.

"ఇలా తే ముసలిదానా! ఎండిన ముంత అయితేగాని మంత్రం పారదు!"

"పో స్వామీ! డెబ్బై ఏళ్లకి తల తడిసింది. కుంకుడుకాయలుంటే పంపించు," అంది గుక్కవ్వ, మళ్లీ ముంచుకుంటూ.

శుష్కనాథుడు పటపట పళ్లు కొరికాడు. అయినా అతని కళ్లలో ఒక మూల నవ్వు మెరిసింది. ఆ నవ్వు ఎందుకో తొట్టెలో ఉన్నవాళ్లకు కాలువ చివరికొచ్చేదాకా తెలియలేదు.

ఆఖరి వంపు తిరిగేసరికి తొట్టె ధబీమని ఇసుకగట్టును గుద్దుకుని ఆగింది. కాలువకూ పాత దారికీ మధ్యన ఒక సన్నటి గట్టును తవ్వకుండా వదిలేశాయి భూతాలు. కిందికి కాలువ అన్నప్పుడే అనుమానపడ్డ మాంత్రికుడు, మాచన పై వంపుల దగ్గర ఉండగా, వాటి చెవిలో రహస్యంగా అలా చెప్పి పంపాడు. గట్టు వెడల్పు మూరెడే, కాని మంత్రించిన ఇసుక రాయిలా ఉంది. వెనకనుంచి నీరు ఎగదన్నుతోంది. మాచన పైకి చూశాడు. కాలువ నిండిపోయి నీళ్లు వెనక్కి, కోటలోకి మళ్లుతున్నాయి. చెరువులో ఆడుకుంటున్న జనం కేకల్లో సంతోషం పోయి భయం మొదలైంది. ఆ మూర్ఖుడికి నీరు నిలబెట్టడమే తెలుసు. ఇంకో గడియలో కోట కరిగి అందరి మీదా కూలుతుంది. అక్కడ గుక్కవ్వ మునుగుతుంది, ఇక్కడ ఏరు ఆగుతుంది, అక్కడ ఊళ్లో అమ్మ గాదె తెరుస్తుంది.

తడికి ముద్దకట్టిన భూతాలు గట్టున వదిలేసిన పారల్లో ఒకటి మాచన అందుకున్నాడు. గండి పడిన క్షణాన గట్టుమీద ఉన్నవాణ్ణి వరద మింగుతుందని మెట్లకాపరికి వేరే చెప్పక్కర్లేదు. ఐనా పార ఎత్తాడు. ఎత్తిన పార దిగలేదు. వెనకనుంచి ఎవరో పట్టుకున్నారు.

"తప్పుకో," అన్నాడు రత్నాంగదుడు.

"దొరా, ఇది ఆటకాదు!"

"మన దేశంలో తొలి గండి ఎవరు కొట్టాలి?"

"రాజవంశం. కాని అది బంగారు పారతో, ముందే తవ్వి ఉంచిన గట్టుకు, సన్నాయి మేళంతో మూడు దెబ్బలు..."

"తెలుసు. పదేళ్లుగా ఆ మూడు దెబ్బలే కొడుతున్నాను. జనం చప్పట్లు కొడతారు. ఇంటికెళ్లి పడుకుంటాను. ఒక్కసారన్నా నిజం గండి కొట్టనియ్యి మాచనా." ఎప్పుడూ వేళాకోళంగా ఉండే ఆ మొహం ఎర్రబడి ఉంది. "నువ్వు పోతే రేపు ఏ మెట్టుకు డప్పు కొట్టాలో చెప్పేవాడు లేడు. నేను పోతే మా నాన్న ఏడుస్తాడు, అంతే. తొట్టె పట్టుకో."

ఏడు తరాల కాపరి పార వదిలేశాడు. అతను తొట్టెలోకి దిగాడు.

యువరాజు తలపాగా తీసి పారేశాడు. ఆకుపచ్చ చెవి ఎండలో మెరిసింది. మొదటి దెబ్బకు పార వంగింది. రెండో దెబ్బకు అరచేతులు చిట్లాయి. పదో దెబ్బకు గట్టులో నెర్రె పడింది. పన్నెండో దెబ్బకు ఆ నెర్రెలోంచి చిటికెన వేలంత నీరు చిమ్మింది. "జై వెండేటితల్లీ!" అన్న కేక పూర్తికాకముందే గట్టు ఢామ్మని పగిలిపోయింది. రత్నాంగదుడు, పార, గట్టు, నాలుగు వందల భూతాల ఇసుక, అన్నీ ఒక్క నురుగులో మాయమయ్యాయి.

వెనక కోటలో నీటిమట్టం జర్రున తగ్గింది. వెండేరు తన పాత దారిలోకి, తాడు తెంచుకున్న దూడలా గంతేసింది. తొట్టె ఆ పరుగులో బొంగరంలా తిరుగుతుంటే మాచన అంచులు పట్టుకుని, "దొరా! దొరా!" అని గొంతు చించుకుని అరిచాడు. నురుగు తప్ప ఏమీ కనిపించలేదు. ఏరు గెలిచినందుకు సంతోషించాలో, ఏడవాలో అతనికి తెలియలేదు. ఏడ్చాడు.

అంతలో వెనకనుంచి ఏదో పెద్దగా బుస కొట్టింది. తాటిచెట్టంత మొసలి ఒకటి నోరు తెరుచుకుని నీళ్లను చీల్చుకుంటూ వస్తోంది. దాని నెత్తిన ఎర్రటి తలపాగా, తలకు రెండు పక్కలా ఉసిరికాయలంత బంగారు పోగులు. శుష్కనాథుడే! మాచన తొట్టెలోని ఉప్పుమూట రెండు చేతులా ఎత్తి సిద్ధంగా నిలబడ్డాడు. మొసలి వచ్చింది, దగ్గరికొచ్చింది, కోరలు చూపింది, అలాగే తొట్టె పక్కనుంచి దూసుకుంటూ ముందుకు వెళ్లిపోయింది. కాళ్లు నాలుగూ నాలుగు వైపులకు కొట్టుకుంటున్నాయి, కళ్లు తేలేసి ఉన్నాయి. మొసలి రూపం ఎత్తే మంత్రం వాడికి వచ్చుగాని, పుట్టినప్పట్నుంచీ ఎడారిలో ఉన్నవాడు, ఈత రాదు.

దాని వీపుమీద, బంగారు పోగులు రెండూ రెండు చేతులా కళ్లేల్లా పట్టుకుని, ఒళ్లంతా బురదతో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక చెవి ఆకుపచ్చగా ఉంది.

"మాచనా!" అని అరిచాడు రత్నాంగదుడు, అలమీద ఎగిరిపడుతూ. "దీన్ని ఆపడం ఎట్లారా?"

మాచన ఏడుపు మధ్యలోనే నవ్వేశాడు. ముందు కనుచూపు మేరా, వెండేటి పాత దారి ఒడ్లు నిండుతూ, కుంభావతి వైపు తిరిగి ఉంది.

"ఆపొద్దు దొరా!" అని రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టుకుని కేకేశాడు. "గట్టిగా పట్టుకోండి! అది మన ఇంటికే పోతోంది!"